కుళాయి దగ్గర ఆరున్నర

పొడి డబ్బా ఇంకా వరండాలో పడిన చోటే ఉంది.

నిన్న పొద్దున కోడలు దాన్ని మరిది ముందుకు విసిరింది. అతను పట్టుకోలేదు. అది గుమ్మం పక్కన బోర్లా పడి, గోధుమరంగు పొడి కాస్త గచ్చు మీద ఒలికింది. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ దాన్ని దాటుకుంటూ తిరుగుతున్నారు. ముందు వంగి తీసినవాళ్ళు తప్పు ఒప్పుకున్నట్టు.

"నేను తీయను," అంది అత్తయ్య చీపురు చేత్తో పట్టుకుని. "ఇల్లంతా ఊడుస్తాను. ఆ జానెడు చోటు మాత్రం వదిలేస్తాను. విసిరినావిడ తీస్తుందో, విసిరించుకున్నవాడు తీస్తాడో మీ ఇష్టం."

"విసిరించుకున్నవాడు బట్టలు సర్దుకుంటున్నాడు," అన్నాడు మావయ్య వాకిట్లోంచి. "ఐదింటి బస్సుకి వెళ్తాడట."

కోడలు డబ్బాని దాటుకుని లోపలికి వెళ్ళింది.

డబ్బాలో ఉన్నది మొక్కలకి వేసే ఇనుము మందు. షెడ్డులో మట్టి లేకుండా గొట్టాల నీళ్ళలో పెరిగే రెండువేల సలాడ్ మొక్కలు ఐదు రోజులుగా పసుపెక్కుతున్నాయి. ముదురు ఆకులకేమీ కాలేదు. లేత ఆకులే పాలిపోతున్నాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా వల గీసినట్టు మిగులుతున్నాయి. ఇనుము అందకపోతేనే అలా అవుతుందని పుస్తకం తెరవకుండా చెప్పగలదు కోడలు. పెళ్ళికి ముందు ఏడేళ్ళు బళ్ళో సైన్సు ల్యాబు చూసుకున్న మనిషి. ఇనుము వేస్తున్నా మొక్కకి అందట్లేదంటే, వేసేది ఇనుము కాదు. పొడి తెచ్చింది మరిది. టౌనుకెళ్ళి తెమ్మంటే, ఎండకి బద్ధకించి దారిలో ఏదో కొట్లో తెచ్చి ఉంటాడు.

ఆ మాటే నిన్న అందరి ముందూ అనేసింది. నకిలీ సరుకు తెచ్చి నా మొక్కల్ని చంపావు అంది.

మరిది ఒక్క మాటకీ జవాబు చెప్పలేదు. అదే ఆమెకి మరీ మండింది.

"నాలుగింటికి ఆసుపత్రి వంటశాల ఆవిడ ఆకు చూడ్డానికి వస్తోంది," అన్నాడు మావయ్య లోపలికొచ్చి కుర్చీ లాక్కుంటూ. "గుర్తుందిగా, ల్యాబమ్మా?"

మనసు బాగున్నప్పుడు "అమ్మాయ్" అంటాడు. లేనప్పుడు "ల్యాబమ్మా".

"గుర్తుంది మావయ్యా."

"నేనన్నది కూడా గుర్తుందా? ఆవిడకి ఆకు నచ్చితే షెడ్డు నీది. నచ్చకపోతే ఈ సాయంత్రమే పీకేస్తాను. మట్టి పోసి నారుమళ్ళు వేస్తాను. ముప్ఫయ్యేళ్ళు మట్టిలో పెంచాను. ఏనాడూ ఒక్క మొక్కా ఇలా కామెర్లొచ్చిన పిల్లాడిలా నా మొహంలోకి చూడలేదు."

"మట్టి వేరు, ఇది వేరు మావయ్యా. మట్టిలో నీళ్ళు ఎలా ఉన్నా నేల సర్దుకుంటుంది. పులుపెక్కువైనా, క్షారం ఎక్కువైనా అదే మింగేస్తుంది. గొట్టాల్లో వేరు నేరుగా నీళ్ళలోనే ఉంటుంది. మధ్యలో సర్దిచెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే కొలవాలంటాను."

"కొలిచావుగా! రోజూ పొద్దున్నే మొక్కలకి జ్వరం చూస్తున్నట్టు ఆ పుల్ల పట్టుకుని తిరిగావుగా! ఏమంది నీ పుల్ల?"

కోడలు పెదవి కొరుక్కుంది. "కుళాయి దగ్గర ఆరున్నర."

"అంటే?"

"అంకె పెరిగితే క్షారం, తగ్గితే పులుపు. ఆరున్నరంటే మంచి నీళ్ళని."

"నా నాలుక ఏమంది?"

ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ మావయ్యని "నాలుకాయన" అంటారు. బోరు కుళాయి కింద దోసిలి పట్టి, ఒక్క గుక్క తాగి, కళ్ళు మూసుకుని నీళ్ళ జాతకం చెప్తాడు. కొత్త బోరు వేసుకున్నవాళ్ళు సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి మరీ తాగిస్తారు.

"మంచి నీళ్ళనే అంది," అన్నాడు తనే. "నువ్వు మీటరు పెట్టి చెప్పిందే నేను గుక్కెడు తాగి చెప్పాను. మరి ఆ పుల్లెందుకు? నాలుక ఊరికే వచ్చిందిగా!"

ఆ ఇంట్లో మీటరూ నాలుకా ఒకే మాట చెప్పిన మొదటి వారం అది. నీళ్ళు మంచివని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు కాబట్టే తప్పంతా మూడోవాడి నెత్తిన పడింది.

*

మరిది గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఇంట్లో అందరూ అతన్ని పానా అంటారు. పదేళ్ళప్పట్నుంచీ చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పానా ఉండేదట. నర్సరీలో నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో అతనొక్కడికే తెలుసు. షెడ్డులో గొట్టాలన్నీ వేసిందీ అతనే. పైన కప్పు బిగిస్తూ, "వదినా, నీ షెడ్డు చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని రావాలి" అని అరిచింది ఇదే గొంతు.

ఇప్పుడా గొంతు లేదు. సంచిలో చొక్కాలు మడత పెడుతున్న చప్పుడు మాత్రం ఉంది.

కోడలు గుమ్మంలో నిలబడింది. "ఏ కొట్లో తెచ్చావో చెప్తే సరిపోయేది."

చొక్కా మడత పడింది.

"బిల్లు ఉందా?"

ఇంకో చొక్కా.

"పానా, నేనడిగేది నీకు వినబడుతోందా?"

"వినబడుతోంది వదినా."

"మరి?"

"మరేం లేదు. నకిలీదన్నావ్. అందరూ విన్నారు. అయిపోయింది." అతను సంచి జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. గొట్టాలు బిగించే చేతులు జిప్పు ముందు ఓడిపోవడం చూసి వేరే రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

కోడలు మొగుడు వ్యాను తీసుకుని నారు దింపడానికి పక్క ఊరు వెళ్ళాడు. ఫోను చేస్తే, "నువ్వు వాణ్ణేమైనా అన్నావా, వాడు నిన్నేమైనా అన్నాడా, నాన్న మీ ఇద్దర్నీ ఏమైనా అన్నాడా? చీకటి పడేలోపు వచ్చేస్తా, ఒకళ్ళనొకళ్ళు చంపుకోకుండా ఉండండి" అని పెట్టేశాడు.

ఆమె షెడ్డులోకి వెళ్ళింది.

రెండువేల మొక్కలు వరసకట్టి నిలబడ్డాయి. తెల్లటి గొట్టాలు, వాటికి పిడికిలంత కన్నాలు, ఒక్కో కన్నంలో ఒక్కో మొక్క. నీళ్ళు సన్నగా పారుతున్న చప్పుడు. మొదటి రెండు నెలలు ఈ చప్పుడు వింటే ఆమెకి ఛాతీ పొంగేది. మొదటి కోత ఆకు అత్తయ్య నోట్లో పెట్టుకుని, "ఇదేంటే, నములుతుంటే కరకరలాడుతోంది!" అన్న రోజు రాత్రి నిద్రే పట్టలేదు. బడి ల్యాబులో ఏడేళ్ళు సీసాలు కడిగింది. ఒక్క ప్రయోగమూ తనది కాదు. ఇది తనది.

ఆమె ఒక మొక్క పైకి తీసి వేరు చూసింది. తెల్లగా, ఆరోగ్యంగా ఉంది. ఆకలితో ఉన్న మొక్క వేరులా లేదు. తిండి ముందే ఉంది, నోరే కట్టేసినట్టుంది.

ఎవరు కట్టేశారు?

"అమ్మాయ్!" అని అత్తయ్య కేక వినబడింది. "వేలు కోసుకున్నానే!"

*

పెద్ద గాయమేం కాదు. నారు కత్తిరించే కత్తెర జారి చూపుడు వేలు మీద గీసుకుంది. అత్తయ్య అప్పటికే వంటింట్లోంచి గుప్పెడు పసుపు తెచ్చి వేలికి మెత్తేసింది. రెండు అరచేతులూ పచ్చగా ఉన్నాయి.

"ఇంత పసుపు ఎందుకత్తయ్యా? వేలొకటి, పూత చేతికంతా!"

"ఆ ఆసుపత్రి ఆవిడ వస్తోంది కదా. రక్తం కారే చేత్తో ఆకిస్తే బాగుంటుందా? పట్టు, కడుక్కుంటాను."

పక్కనే సిమెంటు తొట్టి ఉంది. మావయ్య సొంత చేతుల్తో, పెద్దకొడుకు పుట్టిన ఏడు కట్టింది. నిలువెత్తు తొట్టి. బోరు నీళ్ళు కుళాయిలోంచి అందులో పడతాయి. అక్కణ్ణుంచి సగం నారుమళ్ళకీ, సగం షెడ్డుకీ పోతాయి. లోపలా బయటా తెల్లగా మెరిసిపోతోంది. మావయ్యకి ఇంటి గోడలకి రంగు లేకపోయినా ఫరవాలేదు, తొట్టికి మాత్రం పాచి పట్టకుండా సున్నం పడాల్సిందే. పది రోజుల క్రితం కూడా నిచ్చెనేసుకుని దిగి రెండు పూతలు కొట్టాడు. "నా కోడలి ఆకు చూడ్డానికి పెద్దవాళ్ళొస్తున్నారు. తొట్టి మురిగ్గా కనిపిస్తే పరువేం కావాలి?" అని దారినపోయే వాళ్ళందరికీ చెప్తూ కొట్టాడు.

అత్తయ్య మెట్టెక్కి, తొట్టి అంచు పట్టుకుని చెయ్యి నీళ్ళలో ముంచింది.

మరుక్షణం గావుకేక.

"రక్తం! అమ్మో, అమ్మాయ్, నరం తెగిందే! చెయ్యంతా రక్తం!"

కోడలు పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. పచ్చగా ఉన్న అరచెయ్యి నిజంగానే ఎర్రగా ఉంది. వేళ్ళ సందుల్లోంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. కానీ వేలి గాయం ఎప్పుడో ఆగిపోయింది.

"రక్తం కాదత్తయ్యా."

"కాకపోతే ఏంటే? నా కళ్ళు పోయాయా?"

"పసుపు." కోడలు ఆ అరచేతిని తన వైపు తిప్పుకుంది. "పసుపు ఎర్రగా మారింది."

ఎనిమిదో తరగతి పిల్లలకి ఏటా చేసి చూపించిన ప్రయోగం. కాగితానికి పసుపు రాసి ఆరబెట్టి, నిమ్మరసం చుక్క వేస్తే రంగు మారదు. సున్నపు నీళ్ళ చుక్క వేస్తే ఎర్రబడుతుంది. ఏడేళ్ళలో ఎన్ని వందల కాగితాలు!

ఆమె అత్తయ్యని చెయ్యి పట్టుకుని బరబరా బోరు కుళాయి దగ్గరికి లాక్కెళ్ళింది.

"మెల్లగా! పడేస్తావా ఏంటి?"

"రెండో చెయ్యి పెట్టండత్తయ్యా. దానికీ పసుపుందిగా, ఈ నీళ్ళలో పెట్టండి."

కుళాయి నీళ్ళు రెండో అరచేతి మీంచి జారిపోయాయి. పసుపు పసుపులాగే ఉంది.

అత్తయ్య రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. "ఇదేం చోద్యమే! ఒకే బోరు నీళ్ళేగా!"

కోడలు మీటరు తెచ్చింది. కుళాయి దగ్గర ఆరున్నర. తొట్టిలో ముంచింది. అంకెలు పరిగెత్తాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తొమ్మిదీ ముప్పావు దగ్గర ఆగాయి. షెడ్డులోకి పోయి గొట్టంలో పెట్టింది. ఎనిమిదిన్నర.

ఆరున్నర దాటితేనే ఇనుము మొక్కకి సరిగ్గా అందదు. ఎనిమిదిన్నర దగ్గర, ఎంత మంచి పొడి వేసినా అది కరగకుండా మూల కూర్చుంటుంది.

పొడి నకిలీది కాదు.

ఆమె అక్కడే గొట్టాల మధ్య గచ్చు మీద కూలబడింది. నమూనా ఎప్పుడూ మూలం దగ్గరే తీయాలని బళ్ళో మాస్టారు నేర్పారు. ఆ అలవాటుతో రోజూ కుళాయి దగ్గరే కొలిచింది. మావయ్య కూడా కుళాయి దగ్గరే తాగాడు. మొక్క తాగే చోట ఒక్కళ్ళూ, ఒక్కసారీ చూడలేదు. తెల్లగా మెరిసే తొట్టి కళ్ళ ముందే ఉంది. ఎప్పుడూ ఉండేదే కాబట్టి, పది రోజుల నాటి కొత్త పూత నీళ్ళలో కరుగుతోందని ఎవరికీ కనబడలేదు.

"సున్నమేనా?" అంది అత్తయ్య గుమ్మంలోంచి. అంతా అర్థమైపోయింది ఆవిడకి.

"నారుమళ్ళకి దానివల్ల మంచే జరిగిందత్తయ్యా. మన నేల పులుపు. సున్నం నీళ్ళు దానికి మందు. అందుకే ముప్ఫయ్యేళ్ళు మావయ్య చేతి నారంటే అంత పేరు. కానీ ఈ గొట్టాలకి..."

"విషం."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఆయనకి ఎవరు చెప్తారే?" అంది అత్తయ్య. "నీ కోసమే పూత కొట్టాడు. వీధివీధినా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆయన వల్లే పాడైందని ఆయనకి చెప్పడమంటే..."

బయట కారు తలుపు పడిన చప్పుడైంది. గడియారం మూడుంబావు చూపిస్తోంది. ఆసుపత్రి ఆవిడ ముప్పావుగంట ముందే వచ్చింది.

*

ఆసుపత్రి వంటశాలని ఇరవయ్యేళ్ళుగా నడిపిస్తున్న ఆవిడ నవ్వడం ఎవరూ చూడలేదంటారు. షెడ్డులోకి వచ్చి, చెప్పులు గుమ్మంలో విడిచి, వరస చివరిదాకా నడిచింది. ఒక ఆకు తుంచి వెలుతురుకి పెట్టి చూసింది. వాసన చూసింది. నమిలింది. మిగతాది చేతిరుమాల్లో చుట్టుకుంది.

"రోగులకి పెట్టేది. పసుపుపచ్చ ఆకు నేను తీసుకోలేను."

"ఇంకో వారం టైమిస్తే..." అంది కోడలు.

"ఏం జరిగిందో తెలియకుండా వారమిస్తే వారం తర్వాత కూడా ఇదే చూస్తాను. ఏం జరిగింది?"

మావయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పక్కన అత్తయ్య. నిన్న వరండాలో మరిదిని అందరిలో నిలబెట్టిన కోడలి నోరు ఇప్పుడు పెగలడం లేదు.

"తప్పు నాదే," అంది. "కొలవడంలో పొరపాటు..."

"ఆగు," అన్నాడు మావయ్య.

ఆయన చూపు అత్తయ్య చేతి మీద ఉంది. ఆవిడ కొంగులో దాచుకోవాలని చూసింది. ఆయన మణికట్టు పట్టుకుని ఇవతలికి లాగాడు. ఎర్రటి అరచెయ్యి.

"దీన్ని ఎక్కడ కడిగావు?"

అత్తయ్య చూపు గుమ్మంలోంచి తొట్టి వైపు పోయింది. నలభయ్యేళ్ళ కాపురంలో ఆవిడ మాట్లాడకుండా ఉన్న రెండో సందర్భం అది.

మావయ్య బయటికి నడిచాడు. అందరూ వెనకాలే వెళ్ళారు. తొట్టి మెట్టెక్కి, చెయ్యి ముంచి, దోసిలితో నీళ్ళు తీసుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళలో ఆయన కుళాయి నీళ్ళు తప్ప తొట్టి నీళ్ళు తాగలేదు. ఒక్క గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు.

నీళ్ళని ఈ దవడ నుంచి ఆ దవడకి తిప్పాడు.

తర్వాత పక్కకి ఉమ్మి, పెదవులు తుడుచుకుని, ఆసుపత్రి ఆవిడ వైపు తిరిగాడు. వెన్ను నిటారుగా ఉంది.

"సబ్బు నీళ్ళలా ఉన్నాయమ్మా. సున్నం. కొట్టింది నేను. నీళ్ళు పాడుచేసింది నేను. మట్టిలో చెల్లిన పద్ధతి నీళ్ళలోనూ చెల్లుతుందనుకున్నాను. కొలవక్కర్లేదన్నదీ నేనే. ఇదిగో, ఈమె నా కోడలు. ఈమె కొలవాలంది. నేను వెక్కిరించాను. తప్పెక్కడుందో కనిపెట్టింది కూడా ఈమే. నాకు చెప్పలేక తన మీదేసుకోబోయింది."

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెక్కిరింత లేకుండా "నా కోడలు" అని ఆయన పైవాళ్ళ ముందు అనగా ఆమె స్వయంగా వినడం ఇదే మొదటిసారి.

ఆసుపత్రి ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈ వయసులో ఇలా ఒప్పుకునేవాళ్ళని నేను తక్కువ చూశాను పెద్దాయనా. కానీ ఆకు ఆకే. ఇవాళ తీసుకోను."

"తీసుకోవద్దు. నేను కూడా ఇవ్వను."

"శుక్రవారం వస్తాను. కొత్త ఆకు ఆకుపచ్చగా వస్తే మాట్లాడదాం. దానికి ముందు ఈ నీళ్ళు మారాలి. గోకితే పోతుందా ఈ సున్నం?"

"ముప్ఫయ్యేళ్ళ పొరలు. గోకితే పోవు."

ఆవిడ చెప్పులు వేసుకుని కారెక్కింది. దుమ్ము అణిగేదాకా ఎవరూ కదల్లేదు.

"ఆకు నచ్చకపోతే పీకేస్తానన్నాను," అన్నాడు మావయ్య మెల్లగా.

ఈయన అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

"మావయ్యా, శుక్రవారం దాకా..."

"అన్న మాట అన్నదే. పీకుతాను."

పారల గదిలోకి వెళ్ళి గునపం పట్టుకొచ్చాడు. షెడ్డు వైపు రెండడుగులు వేశాడు. అత్తయ్య అడ్డం రాబోయింది. ఆయన ఆవిడని తప్పించుకుని, షెడ్డులోకి పోకుండా గుమ్మం ముందునుంచే దాటిపోయి, తొట్టి వెనక్కి వెళ్ళాడు. గొట్టం బయటికొచ్చే చోట గునపం మొన ఆనించాడు.

"ఏం చేస్తున్నారండీ! మీ చేత్తో కట్టిందీ..."

"నా చేత్తో కట్టాను కాబట్టే నా చేత్తోనే. రేపు పొద్దున మనసు మారకూడదు."

మూడు దెబ్బలకి సిమెంటు పెచ్చు లేచింది. నాలుగో దెబ్బకి నీళ్ళు బయటికి దూకాయి. ఆయన మోకాళ్ళ దాకా తడిసిపోయి, గునపం మీద చేతులు ఆనించి, ముప్ఫయ్యేళ్ళ తొట్టి ఖాళీ అవుతుంటే తల దించకుండా చూస్తూ నిలబడ్డాడు.

కోడలు ఆయన పక్కన నిలబడింది. మాట్లాడితే ఆ నిలబడడం చిన్నదైపోతుందేమో అనిపించింది.

ఆయనే అన్నాడు. "ఇప్పుడు చెప్పు అమ్మాయ్. బోరు నీళ్ళు నేరుగా నీ గొట్టాల్లోకి రావాలంటే ఏం చెయ్యాలి?"

"కుళాయి నుంచి షెడ్డుకి కొత్త లైను వెయ్యాలి. చీకటి పడేలోపు. లేకపోతే పొద్దుటికి మొక్కలకి చుక్క ఉండదు. ఈ ఎండకి గొట్టాల్లో నీళ్ళు నాలుగైదు గంటలు కూడా ఆగవు."

"నేల కింద ఏ గొట్టం ఎటు పోతుందో..."

మాట పూర్తి చేయలేదు. ఇద్దరూ ఒకేసారి ఇంటి వైపు చూశారు. పానా గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద సంచి లేదు.

"ఆవిడ కారు వచ్చినప్పుడే వెళ్ళిపోయాడే," అంది అత్తయ్య. "దొడ్డి గుమ్మంలోంచి. నేను పిలిచినా తిరగలేదు."

*

బస్టాపు మెయిన్ రోడ్డు మీద ఉంది. నడిస్తే పదిహేను నిమిషాలు. కోడలు ఎనిమిది నిమిషాల్లో వెళ్ళింది. సగం దూరంలో ఒక చెప్పు తెగితే రెండోది కూడా చేత పట్టుకుంది.

బెంచీ మీద పానా ఒక్కడే కూర్చున్నాడు. జిప్పు సగమే పడిన సంచి ఒళ్ళో ఉంది.

ఆమె ఎదురుగా నిలబడింది. రొప్పు తగ్గేదాకా ఆగాలనుకుంది. ఆగితే నోరు రాదని తెలిసి, ఆగలేదు.

"పొడి మంచిదే. నకిలీది కాదు. అందరి ముందూ అన్నాను. అందరి ముందూ తప్పని చెప్తాను. ఇప్పుడైతే ఇక్కడ నువ్వొక్కడివే ఉన్నావు కాబట్టి నీకు చెప్తున్నాను. నన్ను క్షమించు."

పానా ఆమె చేతిలో చెప్పుల్ని చూశాడు. దుమ్ముకొట్టుకుపోయిన పాదాల్ని చూశాడు.

"నాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"పొడి మంచిదని. నీళ్ళలో సున్నం ఉందని."

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి. షెడ్డు గొట్టం మూతికున్న జల్లెడ తీసి కడుగుతుంటే తెల్లగా పెచ్చు కట్టి ఉంది. నాలిక్కి రాసుకున్నాను. నేను కూడా ఆయన కొడుకునే కదా."

"మరి చెప్పవేం? రెండు రోజులు! అక్కడ నా మొక్కలు చస్తుంటే నోరు మూసుకుని కూర్చున్నావా?"

"కూర్చోలేదు!" మొదటిసారి అతని గొంతు లేచింది. "కొత్త లైనుకి గొట్టం కొన్నాను. మలుపు ముక్కలు కొన్నాను. పారల గది వెనకాల పెట్టాను, పోయి చూసుకో. నిన్న పొద్దున ఎవరికీ చెప్పకుండా తొట్టి తప్పించి వేసేద్దామనుకున్నాను. నాన్న తొట్టి వల్లే అని నాన్నకి తెలియకుండా. ఈలోపు నువ్వు డబ్బా పట్టుకొచ్చావ్."

"అప్పుడైనా చెప్పొచ్చుగా!"

"ఎట్లా చెప్పను? అక్కడ నాన్న ఉన్నాడు. నా పొడి మంచిదంటే, మరి పాడైంది ఏంటని నువ్వే అడుగుతావు. నాన్న నెల రోజులుగా వీధిలో నీ షెడ్డు గురించి ఎట్లా చెప్పుకు తిరుగుతున్నాడో నీకు తెలీదు వదినా. నీ ఎదురుగా వెక్కిరిస్తాడు. మంగలి షాపులో కూర్చుంటే, 'నా కోడలు మట్టి లేకుండా పంట తీసింది' అనే మాట తప్ప ఇంకోటి లేదు. ఆ మనిషిని నీ పంట నువ్వే పాడుచేశావని అనమంటావా? నా మీద ఉంటే ఉండనీ అనుకున్నాను. నేను మోయగలను."

కోడలు బెంచీ అంచు పట్టుకుంది. నిన్నట్నుంచి ఆ మౌనాన్ని దొంగ మౌనం అనుకుంది.

"తొట్టి లేదు పానా," అంది.

"అంటే?"

"మావయ్య పగలగొట్టేశారు. గునపంతో."

పానా చటుక్కున లేచాడు. సంచి ఒళ్ళోంచి జారింది. సగం జిప్పులోంచి చొక్కాలు బయటికొచ్చాయి. "నువ్వు చెప్పావా ఆయనకి? ఆ ఆసుపత్రి ఆవిడ ముందా?"

"నేను చెప్పలేదు. ఆయనే నీళ్ళు నోట్లో పోసుకున్నారు. ఆయనే చెప్పారు."

"అందరి ముందా?"

"అందరి ముందు."

మలుపు దగ్గర బస్సు కనిపించింది. పానా వంగి చొక్కాలు సంచిలో కుక్కుకున్నాడు. బస్సొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది.

"పొద్దుటికి నీళ్ళుండవు పానా. నువ్వు లేకపోతే ఆ లైను వేసేవాళ్ళు లేరు. నా కోసం వద్దు. నన్ను జన్మలో క్షమించకపోయినా సరే..."

అతను వినడం లేదు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు.

"ఎక్కుతున్నావా, లేదా?" డ్రైవరు అరిచాడు.

పానా కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, నిజం చెప్పు. నాన్న ఆ మాట తల దించుకుని చెప్పాడా?"

"ఎత్తుకునే చెప్పారు," అంది ఆమె. "నేను పక్కనే ఉన్నాను. ఆ ఎత్తుకు నేను కూడా తలెత్తి చూడాల్సి వచ్చింది."

డ్రైవరు హారన్ కొట్టాడు. మెట్టు మీది కాలు పైకీ వెళ్ళలేదు, కిందికీ దిగలేదు.